ముంతలు బోర్లించిన కప్పు

మధ్యాహ్నం భోజనం అయ్యాక కాస్త నడుం వాలిస్తే చాలు, నాకు నెత్తిమీద చెక్కల చప్పుడు వినిపిస్తుంది. ముందు మెత్తగా, తడి మీద పడుతున్న చప్పుడు. తరవాత గట్టిపడుతుంది. పదకొండు చెక్కలు ఒక్కసారిగా పడతాయి. వాటి వెనకాల ఒకే ఒక్క చెక్క కాస్త ఆలస్యంగా, దారి తెలియనట్టు పడుతుంది. ఆ పన్నెండో చప్పుడు విన్నాకే నాకు కునుకు పడుతుంది. లేచి చూస్తే పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఈ సంగతి మనవలకు చెబితే చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తామంటారు. నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా అత్తవారిది పాతపట్నం. బజారులో మా మామగారికి కొట్టు ఉండేది. కొండల మీద నుంచి దిగే చింతపండు, పసుపు, కరక్కాయలు, అడ్డాకులు కొని అమ్మేవారు. ఆయనా, మా ఆయనా తెల్లవారి వెళితే దీపాలవేళకు ఇంటికి చేరేవారు. ఇల్లు పెంకుటిల్లు, రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. లోపలికి వెళ్లే కొద్దీ చీకటి. ఆ చీకటి చివర, పెరటి వరండా పక్కన, ఒక్క గదికి మాత్రం డాబా కప్పు. మా అత్త అన్నదమ్ములు తోబుట్టువు మీద ముచ్చటతో తరవాత కట్టించి ఇంటికి అతికించిన గది అది. నేను కాపురానికి వచ్చాక మాకు ఇచ్చారు.

పేరుకే డాబా. వేసవిలో ఆ గదిలో గోడకు వీపు ఆనిస్తే చుర్రుమనేది. రాత్రి ఎంత పొద్దుపోయినా కప్పులోంచి వేడి కిందకి దిగుతూనే ఉండేది. వానాకాలం వస్తే ఏడు చోట్ల కారేది. ఎక్కడ కారితే ఏ గిన్నె పెట్టాలో నాకు కంఠతా వచ్చు. చీకట్లో కూడా తడుముకోకుండా పెట్టేదాన్ని.

నా మొదటి పురుడు ఆ గదిలోనే. పుట్టింట్లో అమ్మ లేదు, అందుకని అత్తింట్లోనే పోశారు. పురిటి మైల వంటింటికీ దేవుడి మూలకీ తగలకూడదు కాబట్టి ఆ వెనక గది తప్ప మరో చోటు లేదు. వైశాఖంలో మగపిల్లాడు పుట్టాడు. పందొమ్మిది రోజులు ఉన్నాడు. తడిగుడ్డ తడిపి తడిపి కప్పాను. గుడ్డ ఆరినంత సేపు పట్టలేదు వాడి ఒళ్లు మళ్లీ కాలడానికి. బారసాల ఇంకా రెండు రోజులుందనగా పోయాడు. పేరు పెట్టలేదు కాబట్టి ఇన్నేళ్లూ వాణ్ని తలుచుకోవడానికి నాకు పిలుపు కూడా లేదు. కప్పు వైపు చూస్తాను, అంతే.

మా అత్త నా కంటే ఎక్కువ ఏడ్చింది. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. కానీ మేమిద్దరం ఏడ్చిన దారులు వేరు. దిష్టి అంది, గ్రహం అంది, నా పుట్టింటి వైపు ఏదో మొక్కు తీరలేదంది. నేను మాత్రం ఒక్కటే మాట పట్టుకు కూర్చున్నాను. నా బిడ్డను చంపింది ఆ కప్పు.

ఆ కప్పు ఎందుకలా ఉందో కూడా నాకు తెలుసు. డాబా అంటే దూలాల మీద ఇటుక పరిచి, పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పోసి, పన్నెండు రోజులు ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టాలి. మధ్యలో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ ఉండాలి. చెక్క వేస్తే తిరిగి ఎగిరేదాకా కొట్టాలి. సగంలో ఆపితే ఎండిపోతుంది, మళ్లీ అతకదు. మా అత్త గదికి నాలుగు రోజులే కొట్టారు. నాలుగో రోజున ఆవిడకు నెల తప్పిందన్న సంగతి బయటపడింది. ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే పునాది తియ్యకూడదు, కప్పు విప్పకూడదు, కప్పు వెయ్యకూడదు, ఆ దోషం కడుపులో బిడ్డకు కొడుతుందని మా ఇళ్లలో నమ్మకం. అంతకు ముందే ఇద్దరు బిడ్డలు నిలవకపోయిన మనిషి. చెక్కలు కింద పెట్టించేసింది. పైపైన సున్నం మెత్తి వదిలేశారు. ఆ కడుపున పుట్టినవాడే మా ఆయన.

"ఆ పని ఆపేను కాబట్టే నా కొడుకు బతికేడు" అనేది మా అత్త.

ఆ పని ఆపింది కాబట్టే నా కొడుకు పోయాడు అని నేను లోపల అనుకునేదాన్ని. ఒకే కప్పు కింద ఇద్దరం అన్నం తినేవాళ్లం.

రెండేళ్లు మా ఆయన ప్రాణం తీశాను. చివరికి ఒక మేస్త్రిని తీసుకొచ్చాడు. ముసలివాడు, పర్లాకిమిడి వైపు పెద్ద మేడలు కట్టినవాడు. కప్పు ఎక్కి కాలితో తట్టి, "దీనికి దెబ్బలు సాల్లేదు బాబూ" అన్నాడు. మొత్తం తీసేసి కొత్తగా వెయ్యాలన్నాడు. వేడి దిగకుండా ఇటుక మీద చిన్న ముంతలు దగ్గర దగ్గరగా బోర్లిస్తే, ముంతలో గాలి ఎండను అక్కడే ఆపేస్తుందన్నాడు. మా అత్త ముక్కున వేలేసుకుంది. "ఇంటి నెత్తిన బోర్లించిన కుండలేటి? ఎవులైనా వింటే నవ్వుతారు" అంది. అయినా ఒప్పుకుంది. మనవడు పోయిన గది కదా, ఆవిడకూ అందులో అడుగు పెట్టబుద్ధి అయ్యేది కాదు.

వానలు వెనకపట్టాక మార్గశిరంలో పని మొదలు పెడదామనుకున్నారు. ఆశ్వయుజంలో నాకు నెల తప్పింది.

ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. చెబితే ఆ పూటే పని ఆగిపోతుంది. లెక్క వేసుకుంటే జ్యేష్ఠంలో పురుడు, ఆ గదిలో, ఆ కప్పు కింద, రోహిణీకార్తె ఎండల్లో. ఇంకో బిడ్డకు తడిగుడ్డ కప్పే ఓపిక నాకు లేదు. అందుకని అప్పటికి నా వయసు వాళ్లెవరూ చెయ్యని పని చేశాను. ప్రతి నెలా రోజులు లెక్క పెట్టుకుని, సరిగ్గా ఆ వేళకు "దూరం" అని చెప్పి పెరటి వరండాలో మూడు రోజులు ఎవరినీ ముట్టుకోకుండా కూర్చునేదాన్ని. విడిగా చాప, విడిగా చెంబు, విస్తరాకులో అన్నం. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చేదాన్ని. దేవుడి ఎదుట దీపం పెట్టి, పటం వైపు చూడకుండా వెనక్కి వచ్చేసేదాన్ని. ఇంత అబద్ధానికి బెదరకపోవడానికి నేనేం రాయిని కాదు.

పాత కప్పు తీసేసిన వారం నా జీవితంలో వింతైన వారం. దూలాలు మాత్రం మిగిలాయి. వాటి సందుల్లోంచి ఆకాశం గదిలోకి దిగింది. పొద్దున్నే మంచు దిగి నేలంతా తడిగా ఉండేది. పిచ్చుకలు లోపలికి వచ్చి అలమర మీద వాలేవి. బిడ్డ పడుకున్న మూలలో నిలబడి తలెత్తి చూస్తే మబ్బు ముక్క ఒకటి చాలా తీరిగ్గా ఒక దూలం నుంచి ఇంకో దూలానికి వెళ్లేది. అది దాటే వరకు కదలకుండా నిలబడిపోయేదాన్ని. వాడు ఆ సందులోంచే వెళ్లి ఉంటాడని అనిపించేది. చలిగాలికి ఒళ్లు జలదరించేది, సంతోషంగా కూడా ఉండేది.

కుమ్మరి ముంతలు బండి మీద వచ్చాయి, గడ్డిలో పేర్చి. పెరడంతా కాల్చిన మట్టి వాసన. ఆ వాసన తగిలితే నాకు నోరూరింది. పగిలిన పెంకులు ఒక పక్క పోశారు. ఒక ముక్క తీసి కొంగున కట్టుకున్నాను. పళ్ల కింద కరకరమంటుంటే మొదటి వాన పడిన నేల రుచి. నాలా కడుపుతో ఉన్నవాళ్లు మట్టి తింటారని విన్నాను కానీ, ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు.

పుష్యంలో చెక్కలు మొదలయ్యాయి. పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద ఒక నడివయసు మనిషి, నల్లగా, మోచేతుల దాకా సున్నం. రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని, పాడుతూ, వెనక్కి జరుగుతూ కొట్టేవారు. పాట సగం తెలుగు, సగం ఒరియా. కింద ముంత ఉన్న చోట చప్పుడు ఒకలా, రెండు ముంతల సందులో చప్పుడు ఇంకోలా. ముంత పగలకుండా ఎక్కడ ఎంత బలంగా వెయ్యాలో వాళ్ల చేతులకు తెలుసు. మా ఆయన కొట్టు మానేసి కప్పు మీద, నిచ్చెన దగ్గరే నిలబడి పని చూసుకునేవాడు.

పని మొదలైన మూడో రోజుకు నా "దూరం" రోజులు వచ్చాయి. వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. నెత్తిమీద ఆ చప్పుడు, సున్నపు వాసన, బెల్లం నీళ్ల తియ్యటి వాసన, చూరులోంచి జారే ఎండ. పనేమీ ముట్టుకోకూడదు కాబట్టి మూడు రోజులు ఊరికే కూర్చోవడమే. మెలకువో నిద్రో తెలియదు. పాట ఒకసారి దగ్గరగా, ఒకసారి ఏటి అవతల నుంచి వస్తున్నట్టు ఉండేది. అలా తూగుతున్నప్పుడు కడుపులో ఏదో కదిలింది. చేప తోక ఆడించినట్టు, ఒక్కసారి. పైన చెక్క పడింది, లోపల ఇంకోసారి కదిలింది. నేను చెయ్యి వేసుకుని కూర్చున్నాను. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ మింగి పెంకు ముక్క నోట్లో వేసుకున్నాను.

అప్పుడే ఆ పెద్దామె నీళ్ల కోసం దిగింది.

"కోడలమ్మా, ఏటి నవుల్తన్నావు?"

"ఏటీ లేదు."

"ఏటీ నేకపోతే మూతికి ఆ ఎర్రన ఏటి?" అని నా కొంగు ముడి వైపు చూసింది. తరవాత చాప వైపు, విడిగా పెట్టిన చెంబు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "దూరంగా కూకున్నావు, పెంకు తింతన్నావు. రెండూ ఒకపాలి ఎలాగమ్మా?"

రెండు చేతులూ జోడించాను. ఆమె పైకి చూసింది, నా వైపు చూసింది.

"ఇంకా ఏడు రోజులు కొట్టాల" అంది. "మేం కొడతాం. నువ్వు మాత్రం ఆ పెంకులు కడిగి తిను తల్లీ, సున్నం పడ్డాది వాటి మీద." చెంబెడు నీళ్లు గడగడా తాగి నిచ్చెన ఎక్కేసింది.

ఒకరిని గెలిచానన్న ధీమాతో నాలుగో రోజు తలస్నానం చేసి, విడిచిన చీరలు పెరటి గోడ మీద పెట్టాను. చాకలిది వచ్చి పట్టుకెళ్లింది. అన్నీ ఆలోచించాను, రోజులు లెక్క పెట్టాను, ముఖం నీరసంగా పెట్టడం కూడా నేర్చుకున్నాను. ఆ చీరలు ఉతికే మనిషికి కళ్లుంటాయన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

రెండు రోజులు మా అత్త నాతో మాట్లాడలేదు. గొంతు ఇంటి కప్పు దాటిపోయే మనిషి, నోరు మెదపకుండా చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నా ప్రాణం గుప్పిట్లో ఉంది. మూడో రోజు పొద్దున్న ఆవిడ తలంటుకుని, చీర పైకి దోపి, నిచ్చెన ఎక్కింది. పైన పాట ఆగింది. చెక్కలు ఆగాయి.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అయిపోయింది, మళ్లీ ఆ కప్పే, మళ్లీ తడిగుడ్డే అనుకున్నాను. అప్పుడు ఆవిడ గొంతు వినిపించింది.

"ఒరే, నువ్వు దిగు. కొట్టుకి ఎల్లిపో. ఇది అయినంత వరకు ఈ కప్పు వైపు సూడకు."

"ఏటమ్మా, ఏటయింది?" అన్నాడు మా ఆయన, ఏమీ తెలియక.

"ఏటీ అవలేదు. ఈ గది నా అన్నదమ్ములు నాకు కట్టించినది. గది నాది, కప్పు నాది, కొట్టిస్తన్నది నేను. దీని మూలంగా ఏటి వచ్చినా నాకే వస్తాది. ఒలే, నాకో సెక్క ఇయ్యండి. ఎలాగ కొడతారో సూపించండి."

కొట్టు యజమాని భార్య కూలి ఆడవాళ్ల వరసలో కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మా ఆయన తెల్లబోయి దిగి వచ్చాడు. పైన పాట మళ్లీ మొదలైంది. చెక్కలు పడ్డాయి. పదకొండు ఒక్కసారిగా, ఆ వెనకాల ఆలస్యంగా, దారి తెలియనట్టు, ఇంకొకటి. వంటింట్లో పప్పు మాడిపోయింది. నేను వాసన కూడా పట్టలేదు.

సాయంత్రం దిగి వచ్చిన మనిషి చేతుల నిండా బొబ్బలు. నేను కొబ్బరినూనె పట్టుకెళితే గబుక్కున వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టుకోకు. నెల నెలా సూసి సూసి సాకల్ది సెప్పింది నాకు. ఈ సీరలు ఉతక్కుండానే మడత పెట్టొచ్చమ్మా అన్నాది."

నేను కాళ్ల మీద పడబోతే ఆ కాళ్లు కూడా వెనక్కి లాక్కుంది.

"ఏడవకు. నేను ఒకపాలి ఆపించేను. ఒక బిడ్డ బతికేడు, ఒక బిడ్డ పోయేడు. ఏది తప్పో నాకు తెలీదు. ఈపాలి ఆపను. దోషమంటూ ఉంటే నా నెత్తి మీదికి వస్తాది, నీ కడుపు జోలికి రాదు. నాది నీకు అంటకుండా నువ్వు దూరంగా ఉండు, అంతే."

ఆ రోజు నుంచి దూరం కూర్చున్నది ఆవిడే. మూడు రోజులు కాదు, నెలలు. మిగిలిన నాలుగు రోజులూ కొట్టింది. కప్పు అంచులకు మట్టి గట్టు కట్టి నీళ్లు నింపితే, పదిహేను రోజులు మా ఇంటి నెత్తిన చిన్న చెరువు నిలబడింది. పొద్దుగూకే వేళ ఆవిడ నిచ్చెన సగం ఎక్కి, ఒక్క చుక్కైనా తగ్గిందేమో అని ఆ నీళ్లలో ఆకాశం చూసుకునేది. తగ్గలేదు.

జ్యేష్ఠంలో, రోళ్లు పగిలే ఎండలో, ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని లోపల, మా అత్త గడప అవతల. అక్కడి నుంచే అరుస్తూ పురుడు పోయించింది. పిల్ల ఏడుపు వినగానే అడిగిన మొదటి మాట ఆడా, మగా అని కాదు.

"గది సల్లగా ఉన్నాదా?"

ఉంది. గోడకు వీపు ఆనించి చూశాను. కుండలో నీళ్లు తగిలినట్టు ఉంది. వందల ముంతలు నా బిడ్డ మీద బోర్లించిన అరచేతుల్లా ఎండను ఆపాయి. పిల్ల ఒళ్లు కాలలేదు. పందొమ్మిదో రోజు దాటింది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాం. మా అత్త గడప అవతలే నిలబడి అక్షతలు విసిరింది.

గదిలో అడుగు పెట్టలేదు. పిల్లను ఎత్తుకోలేదు. తన మీద ఉన్నది పిల్లకు అంటుతుందని ఆవిడ భయం. ఆడపిల్లని ఎత్తుకోవడం లేదని వీధిలో చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. నిజం చెప్పబోతే కళ్లతోనే నా నోరు మూయించేది. శ్రావణంలో ఆవిడకు జ్వరం వచ్చింది. "వచ్చినాది" అంది, బాకీ తీరిపోయినదానిలా. మూడు రోజులకు తగ్గిపోయింది. అంత దిగులుగా జ్వరం నుంచి లేచిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఫాల్గుణంలో పిల్లకు పాకడం వచ్చింది. ఒక సాయంత్రం గదిలో చాప మీద వదిలాను. మా అత్త వరండాలో, గడపకు రెండు మూరల అవతల, చింతపండు ముందేసుకుని కూర్చుంది. పిల్ల గడప దగ్గరకు వెళ్లింది. చేతులు వేసింది. పొట్ట ఆనించింది.

"ఒలే, పిల్లని తియ్యి" అంది మా అత్త, రెండు చేతులూ పైకెత్తేసి. "నీకే సెప్తన్నా, తియ్యవే! నా మీదికి వస్తన్నాది!"

చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉన్నాను. నేను తియ్యలేదు.

పిల్ల గడప అవతలకి బోర్లా దొర్లింది, లేచింది, ఆవిడ మోకాలి మీద చీర పట్టుకుంది, ఒళ్లోకి ఎక్కేసింది. మా అత్త చేతులు గాల్లోనే ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా దించలేదు.

"సూడు, నేను ముట్టుకోలేదు. అదే వచ్చినాది."

"సూసేను అత్తా."

"దానంతట అదే వస్తే దోషం అంటదు కదే?"

"అంటదు" అన్నాను. నాకేం తెలుసు? అయినా అన్నాను.

అప్పుడు ఆ చేతులు నెమ్మదిగా దిగాయి. పిల్ల వీపు చుట్టూ వేసుకుని, మెడలో ముఖం పెట్టుకుని, ఎంతసేపో అలాగే ఉండిపోయింది. గడప దాటిన పిల్లకు మా ఇళ్లలో గారెలు వండుతారు. నేను వెళ్లి పప్పు నానబోశాను. చింతపండు చేతుల మరకలు పిల్ల చొక్కా వెనక పదివేళ్లుగా అంటుకున్నాయి. ఎంత ఉతికినా ఇవి పోవడం లేదమ్మా అని చాకలిది గొణిగింది. పోకపోయినా పరవాలేదు, అలాగే మడతపెట్టి ఇచ్చెయ్యి అన్నాను.